ప్లానుకి అప్రూవల్ వచ్చింది, ప్లాటుకి నీళ్లు పోయే వాటం లేదు: ఎంత ఎత్తు మట్టి తోలించాలి?

#1 కొత్తగడప (అనంతపురం)

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

అనంతపురం ఊరి బయట, బుక్కరాయసముద్రం వైపు మాకు ఐదు సెంట్ల ప్లాటు ఉంది. వెడల్పు 36 అడుగులు, లోతు 60. పడమర వైపు రోడ్డు. కొన్నప్పుడు లేఅవుట్‌కి అప్రూవల్ లేదు, తర్వాత ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) డబ్బులు కట్టి రెగ్యులరైజ్ చేయించుకున్నాం. నేల రోడ్డు నుంచి తూర్పుకి వాలుగా ఉంటుంది. వాన పడితే నీళ్లు మా ప్లాటు దాటి, వెనక ప్లాటు దాటి, ఆ అవతలున్న చిన్న వంకలో కలిసేవి. అందుకే దాని గురించి మేము ఎప్పుడూ ఆలోచించలేదు.

పోయిన ఏడు వెనక ప్లాటాయన నాలుగడుగులు మట్టి తోలించి చుట్టూ కాంపౌండు కట్టేశాడు. మొన్న ఒక్క రాత్రి వానకి మా ఈశాన్యం మూలలో మోకాళ్ల లోతు నీళ్లు నిలిచాయి. నాలుగు రోజులైనా ఇంకలేదు. మా పాప చూసి 'నాన్నా, మనకు స్విమ్మింగ్ పూల్ వచ్చింది' అంది.

ఇంటి ప్లాన్ ఆన్‌లైన్‌లో పెట్టాం, అనుమతి కూడా వచ్చేసింది. సెట్‌బ్యాకులు (ఇంటి చుట్టూ వదిలే ఖాళీ) చూశారు, రోడ్డు వెడల్పు చూశారు, డాక్యుమెంట్లు చూశారు. నీళ్లు ఎటు పోతాయని ఒక్కరూ అడగలేదు. నేనే వెళ్లి అడిగితే 'అది మీరూ మీ మేస్త్రీ చూసుకోండి' అన్నారు. ఇల్లు కట్టే ముందు ప్లాటు లెవెల్, నీళ్లు పోయే దారి ఎవరైనా చూసి సరే అనాలనే రూలు మనకు ఉందా లేదా? లేకపోతే నేను ఎంత ఎత్తు పోయించాలి? ఒకాయన మూడడుగులంటాడు, ఇంకొకాయన వెనకాయన కంటే ఒక అడుగు ఎక్కువ పోయించమంటాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

#2 తూర్పుగాలి (ధర్మవరం)

అనంతపురంలో కూర్చొని నీళ్లు ఎక్కువయ్యాయని ఏడ్చిన మొదటి మనిషివి నువ్వే అన్నా. ఆ నీళ్లు మాకు పంపు.

#3 కొత్తగడప

నవ్వండి బ్రదర్. 2022 అక్టోబరులో నడిమివంక పొంగినప్పుడు మా బావ వాళ్ల ఇంట్లో ఫ్రిజ్ తేలింది. ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్లే కావచ్చు, కానీ అది ఏడాదంతా పంచుకుని పడదు గదా. రెండు మూడు రాత్రుల్లో కుమ్మరించి పోతుంది.

#4 ప్లాను_బాబాయ్ (కర్నూలు)

నేను ఎల్‌టీపీని (లైసెన్సున్న టెక్నికల్ పర్సన్), ప్లాన్లు గీసి అప్‌లోడ్ చేసేది మేమే. కాబట్టి తప్పు కొంత మాది కూడా అని ముందే ఒప్పుకుంటున్నా.

మీ ప్లాన్ ప్రింట్ తీసి సెక్షన్ డ్రాయింగ్ చూడండి. ఇంటి కింద అడ్డంగా ఒక గీత ఉంటుంది, పక్కన 'జీఎల్' అని రాసి ఉంటుంది. గ్రౌండ్ లెవెల్. దాని మీద ప్లింత్ (నేల మీంచి ఇంటి ఫ్లోర్ దాకా లేపే పీఠం) ఎత్తు వేస్తాం. ఆ గీత స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది. మీ నేల తిన్నగా ఉందా? లేదు కదా. ఆ జీఎల్ అంటే రోడ్డు మధ్యా, మీ పడమర అంచా, మోకాళ్ల లోతు నీళ్లున్న ఈశాన్యమా? కాగితం మీద దానికి జవాబు లేదు, అడిగేవాళ్లూ లేరు. పాత ఫైల్లోంచి కాపీ చేసిన గీత అది, నిజం చెప్తున్నా.

రూలు అసలే లేదా అంటే, ఉంది. నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ప్లింత్ చుట్టుపక్కల నేల కంటే కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తులో ఉండాలనీ, స్థలంలోంచి నీళ్లు సరిగ్గా బయటికి పోయేలా చూసుకోవాలనీ రాశారు. చిక్కు ఎక్కడంటే, 'చుట్టుపక్కల నేల' అన్నది కదలకుండా ఉండే వస్తువు కాదు. మీరు 45 పెట్టుకున్నాక పక్కాయన నాలుగడుగులు పోస్తే మీ ప్లింత్ పల్లంలోనే ఉంటుంది.

నీళ్ల సంగతి నిజంగా చూడాల్సింది లేఅవుట్ దశలో. 2017 లేఅవుట్ రూల్స్ ప్రకారం రోడ్లు, వాన నీటి కాలువలు వేసే బాధ్యత లేఅవుట్ వేసినవాడిది. పనులు పూర్తయ్యేదాకా ప్లాట్లలో 15 శాతం తనఖా పెట్టాలి, పనులయ్యాకే విడిపిస్తారు. మీది ఎల్‌ఆర్‌ఎస్ ప్లాటు. అంటే కాగితం తర్వాత సరి అయింది, కాలువ మాత్రం రాలేదు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, మన ఊళ్లల్లో సగం మందిది ఇదే కథ.

#5 సర్వేరాయి (కడప)

రిటైరైన సర్వే ఉద్యోగిని. ప్లాను_బాబాయ్ చెప్పినదానికి ఒక మాట కలుపుతా.

మట్టి గురించి తర్వాత. ముందు సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (హద్దులు, కొలతలు గీసిన సర్వే స్కెచ్) నకలు తీయించండి. 'అవతల చిన్న వంక' అన్నారు. అది స్కెచ్‌లో వంకగా గీసి ఉందా, ఎంత వెడల్పు, వెనక ప్లాటు దాకా వచ్చిందా చూడండి. ఆర్‌ఎస్‌ఆర్‌లో (పాత సెటిల్‌మెంట్ భూముల రిజిస్టరు) 'వంక పోరంబోకు' అని ఉంటే కథ వేరు. అప్పుడు ఆయన పూడ్చింది తన ప్లాటుని కాదు, సర్కారు వంకని. భవన నిబంధనల్లో వాగులకు, కాలువలకు హద్దు నుంచి 9 మీటర్లు వదలాలి. చెరువైతే 10 హెక్టార్లు, ఆపైన 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు. నదికి ఊరి హద్దుల్లో 50 మీటర్లు.

కొంతమంది నాకు ఫోన్ చేసి 'సార్, మేము నాలా కన్వర్షన్ చేయించుకున్నాం, ఇక వంకతో ఇబ్బంది లేదు కదా' అంటారు. ఆ నాలా వేరు నాయనా! అది అప్పట్లో వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చుకున్నందుకు కట్టిన ఫీజు. వంకని కన్వర్ట్ చేసినట్టు కాదు.

#6 ఈశాన్యశర్మ (నంద్యాల)

అందరూ ఒకటి మర్చిపోతున్నారు. ఈశాన్యం పల్లంగా ఉండటం శుభం. నీళ్లు ఈశాన్యానికి పోవడం ఇంకా శుభం. దయచేసి ఆ మూలను పూడ్చి పడమరకు వాలు పెట్టకండి, కొత్తగడప గారూ. నైరుతి ఎత్తు, ఈశాన్యం పల్లం. ఇది మార్చకూడదు.

#7 తూర్పుగాలి

శుభమే స్వామీ, పాప ఈత కూడా నేర్చుకుంటోంది.

#8 కొత్తగడప

శర్మ గారూ, మా మామగారు కూడా ఇదే మాట. 'ఈశాన్యంలో నీళ్లు నిలిస్తే లక్ష్మి' అంటున్నారు. అందుకే నాకు రెండు వైపులా వాత. ఇంజనీరు మాట వింటే మామగారితో, మామగారి మాట వింటే వానతో.

#9 డల్లాస్_అనంత (టెక్సాస్)

మాది గుంతకల్లు. ఇక్కడ పదకొండేళ్లుగా ఉన్నా. ఇల్లు కొన్నప్పుడు చూసింది చెప్తాను, పోల్చుకోండి.

ఇక్కడ ప్లాటు వేసేటప్పుడే గ్రేడింగ్ ప్లాన్ ఉంటుంది. ప్లాటు నాలుగు మూలల ఎత్తులు, ఇంటి ఫ్లోర్ ఎత్తు అంకెల్లో రాసేస్తారు. ఎఫ్‌హెచ్‌ఏ (ఇక్కడి ఫెడరల్ హౌసింగ్ సంస్థ) పాత పద్ధతి ఒకటి ఇప్పటికీ వాడతారు. టైప్ ఏ అంటే ప్లాటు వెనక అంచు ఎత్తు, నీళ్లన్నీ ముందున్న రోడ్డుకి. టైప్ బీ అంటే మధ్యలో ఎత్తు, సగం నీళ్లు ముందుకి, సగం వెనక్కి. టైప్ సీ అన్నీ వెనక్కి. ఏ ప్లాటు ఏ టైపో ముందే తేలిపోతుంది, కాబట్టి పక్కపక్కన ఇళ్లు ఒకదానితో ఒకటి కొట్టుకోవు. ఇంటి చుట్టూ మొదటి పది అడుగుల్లో నేల ఆరంగుళాలు కిందికి వాలాలని కోడ్‌లో ఉంది. చాలా ఊళ్లల్లో పునాదికి ముందో, ఇల్లు అయ్యాకో కొలిచి చూస్తారు. ఇల్లు బాగా కట్టి నేల వాలు తప్పితే కూడా ఆపేస్తారు.

టెక్సాస్ వాటర్ కోడ్‌లో 11.086 అని ఒక సెక్షన్ ఉంది. సహజంగా పారే వాన నీటిని మళ్లించి గానీ అడ్డుకట్టి గానీ ఇంకొకరి స్థలానికి నష్టం చేయకూడదు. చేస్తే నష్టపరిహారం కట్టాలి. మీ వెనకాయన ఇక్కడుంటే కోర్టులో ఉండేవాడు.

#10 తూర్పుగాలి

మా దగ్గర ఒకటే టైపు అన్నా. టైప్ 'పక్కింటోడికి'.

#11 నల్లకోటు (అనంతపురం)

న్యాయవాదిని. డల్లాస్ దాకా పోనక్కర్లేదు, మన దగ్గర ఇంతకంటే పాత చట్టం ఉంది.

1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం, సెక్షన్ 7. దానికింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి అచ్చం మీ కేసే. ఎగువ భూమి మీద పడ్డ నీళ్లు, కాలువ అంటూ లేకుండా సహజంగా పారుతుంటే, దిగువ భూమి యజమాని వాటిని తన భూమిలోకి పారనివ్వాలి. అది ఎగువాయన హక్కు. ఈ చట్టం మొదట అమలైన కొన్ని చోట్లలో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి, మనం దాని కిందే ఉన్నాం. అనంతపురం జిల్లా బళ్లారి నుంచి విడిపోయింది కూడా ఆ 1882లోనే. కేసుకి సంబంధం లేదనుకోండి, గుర్తొచ్చి రాశా.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఈ హక్కు 'సహజంగా' పారే నీటికే. మీరు ఇల్లు కట్టి, స్లాబు నీళ్లన్నీ నాలుగు పైపుల్లో పట్టి, ఒక్క చోట ఆయన గోడ మీదకి వదిలితే అది సహజ ప్రవాహం కాదు. బాత్రూము నీళ్ల మాట అసలే ఎత్తకండి. మీరు మట్టి పోసి నేల రూపం మార్చాక 'ఇంతకుముందు ఇలా పారేది' అని రుజువు చేయడం కూడా కష్టం. అందుకని మట్టి తోలించే ముందే ఫొటోలు, వీడియో, సర్వేయర్‌తో లెవెల్స్ రాయించిన కాగితం పెట్టుకోండి. వాన పడుతున్నప్పటి వీడియో అయితే మరీ మంచిది.

గెలుస్తారా అంటే గెలవొచ్చు. ఎన్నాళ్లకి అని మాత్రం నన్ను అడగొద్దు.

#12 బుగ్గవంక_అక్క (కడప)

నేను 2001లో బుగ్గవంక పొంగినప్పుడు కడపలో ఇంటర్ చదువుతున్నా. మా ఇంట్లోకి నీళ్లు వచ్చింది ముందు గుమ్మంలోంచి కాదు, వెనక బాత్రూము కన్నంలోంచి. నాన్న ముందు గడపకి గోనెసంచుల్లో మట్టి నింపి అడ్డం పెట్టి గెలిచాం అనుకున్నాడు. అమ్మ వంటింట్లోంచి 'ఏందయ్యా ఇది, కాళ్లకు నీళ్లు తగులుతున్నాయి' అని అరిచింది. మళ్లీ 2021 నవంబరులో కూడా కాలనీల్లోకి వచ్చాయి, అప్పటికి మేము ఇల్లు మారాం.

కొత్తగడప గారూ, ఎంత ఎత్తు పోసినా బయటికి పోయే పైపు నోరు పల్లంలో ఉంటే వరద దానిలోంచే లోపలికి వస్తుంది. దాని ఎత్తు చూసుకోండి. నేను కట్టుకున్నప్పుడు అన్నింటికంటే ముందు మేస్త్రీని అడిగింది అదే, ఆయన నన్ను వింతగా చూశాడు.

#13 హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

మా వీధిలో 2009 అక్టోబరు 2 నాటి నీళ్ల గుర్తు ఇప్పటికీ ఒక గోడ మీద కనిపిస్తుంది. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి వచ్చిన రోజు అది. ఆ గుర్తు కంటే పైన ఇల్లు కట్టాలంటే మెట్లెక్కడానికే సగం ప్లాటు పోతుంది. నది వరద వేరు, వీధి వాన నీళ్లు వేరు. ఈయనది రెండోది. రెండూ కలిపి భయపెట్టకండి పాపం.

#14 తాపీపని (తాడిపత్రి)

చట్టాలు నాకు తెలీవు. ఇరవై ఆరేళ్లుగా ఇళ్లు కడతాన్నా. ఎవరి మాటా నమ్మొద్దు సార్, ముందు కొలుచుకోండి. ఆటో లెవెల్ (ఎత్తులు కొలిచే సర్వే పరికరం) కూడా అక్కర్లేదు, నీళ్ల ట్యూబు చాలు.

సన్నటి తెల్ల ట్యూబు వంద అడుగులు తెచ్చుకోండి. నీళ్లు నింపేటప్పుడు మధ్యలో గాలి బుడగ ఉండకూడదు, ఉంటే లెక్క తప్పుతుంది, వేలితో తట్టి తట్టి బయటికి పంపాలి. రోడ్డు నడిమధ్య ఒక కర్ర నిలబెట్టి మూడడుగుల దగ్గర గీత పెట్టండి. ట్యూబు ఒక కొస ఆ గీత దగ్గర పట్టుకోమని మీ పాపకి చెప్పండి. ఇంకో కొస మీరు ఈశాన్యం మూలకి తీసుకుపోయి అక్కడ ఇంకో కర్ర కట్టండి. పాప దగ్గర నీళ్లు గీత మీద నిలిచినప్పుడు, మీ దగ్గర నీళ్లు ఎక్కడ నిలిచాయో నేల దాకా టేపు పెట్టి కొలవండి. మూడడుగులకంటే ఎంత ఎక్కువ వస్తే అంత పల్లం. ఇట్లా నాలుగు మూలలూ, నడుమ రెండు చోట్లా చూసి ఇక్కడ రాయండి. దాని తర్వాతే మాట్లాడుకుందాం.

ఇంకొకటి. వెనకాయన గోడకి కింద కన్నాలు పెట్టినాడా చూడండి.

#15 మోడరేటర్

వాస్తు వాదన విడి చర్చగా నడుపుకోవచ్చు. ఇక్కడ లెవెల్స్ వరకే. తూర్పుగాలి గారూ, రోజుకి ఒక జోకు చాలు.

#16 కొత్తగడప (నాలుగు రోజుల తర్వాత)

తాపీపని అన్నా, ట్యూబుతో కొలిచాను. పాప కాదు, మా మామగారు పట్టుకున్నారు. మొదటిసారి బుడగ ఉండిపోయి మా ప్లాటు రోడ్డు కంటే ఎత్తులో ఉందని వచ్చింది! ఆయన 'నేను చెప్పలేదా' అన్నారు. బుడగ తీశాక లెక్క ఇది:

రోడ్డు నడిమధ్య సున్నా అనుకుంటే, పడమర అంచు మూడంగుళాలు కింద. ఆగ్నేయం అడుగున్నర కింద. ఈశాన్యం అడుగు తొమ్మిదంగుళాలు కింద. వెనకాయన నేల రోడ్డు కంటే రెండడుగుల పైనే ఉంది. గోడకి కన్నాలు లేవు.

ఎఫ్‌ఎంబీ కూడా తీయించా. వంక గీసే ఉంది, కానీ వెనక ప్లాటుకి ఇంకో రెండు ప్లాట్ల అవతల. ఆయన వంకని తాకలేదు. అది విని కొంచెం నిరాశ పడ్డానని ఒప్పుకుంటున్నా.

#17 తాపీపని

ఇప్పుడు దారికొచ్చినాం. శర్మ గారు కూడా వినాల, ఆయనకి నచ్చే మాట చెప్తా.

పైన కనిపించే వాలు వేరు, లోపల పైపు వాలు వేరు. నేల అంతా నైరుతి నుంచి ఈశాన్యానికే వాలనీ. ఈశాన్యం మూలలో చిన్న తొట్టి కట్టండి, పైన జల్లెడ మూత. నీళ్లు శాస్త్రం ప్రకారం ఈశాన్యానికే వస్తాయి. ఆ తొట్టిలోంచి ఉత్తరం గోడ వెంబడి భూమి లోపల ఆరంగుళాల పైపు పడమర రోడ్డుకి. అరవై అడుగులకి వందకొకటి వాటం పెట్టినా ఏడంగుళాలు దిగాల. నేల ఈశాన్యంలో రోడ్డు కంటే ఒక అడుగు పైకి తెచ్చుకోండి. పైపు అడుగుభాగం ఆ నేలకి ఎనిమిదంగుళాల లోతులో పెడితే, అంటే రోడ్డు కంటే నాలుగంగుళాలు పైన. ఏడు దిగితే రోడ్డు అంచు దగ్గర మూడంగుళాలు కిందికి వస్తుంది. మీ పడమర అంచు ఎత్తు అదే. సరిపోయింది.

పడమర వైపు నేల రోడ్డు కంటే ఒక అడుగు మూడంగుళాలు పైన ఉంచండి. దాని మీద బేస్‌మెంట్, అంటే ప్లింత్, ఇంకో అడుగున్నర.

మట్టి సగటున రెండడుగుల చిల్లర పడుతుంది. మీ ప్లాటుకి 4,500 ఘనపుటడుగుల పైన. ట్రాక్టరు ట్రిప్పు వంద లెక్కన నలభై ఆరు, కుదించుకుపోయేదానికి ఇంకో పది. నల్లమట్టి మాత్రం తోలించొద్దు. మా తాడిపత్రి వైపు నల్లరేగడి చూడండి, వానకి ఉబ్బి ఎండకి పగిలి గోడలు చీల్చేస్తాది. ఎర్రమట్టి, గరుసు తోలించండి. అడుగు అడుగు పొరగా పోసి నీళ్లు కొట్టి రోలరు తిప్పాల. ఒక్కసారే కుప్ప పోసి సదును చేస్తే రెండేళ్లకి బండలు కుంగి, వాటం ఇంటివైపుకి తిరుగుతాది. అట్లాంటి ఇళ్లు ఎన్ని చూసినానో.

#18 ఈశాన్యశర్మ

తొట్టి ఈశాన్యంలో, నేల వాలు ఈశాన్యానికి. పైపు భూగర్భంలో. నాకు అభ్యంతరం లేదు. పైపు వాయవ్యంలో బయటికి వస్తే ఇంకా మంచిది. మేస్త్రీ గారికి నమస్కారం.

#19 ప్లాను_బాబాయ్

తాపీపని గారి దగ్గర మా కుర్రాళ్లని ట్రైనింగ్‌కి పంపాలి.

రెండు చేర్పులు. ఐదు సెంట్లంటే 200 చదరపు మీటర్లు. వంద మిల్లీమీటర్ల వాన పడితే ఆ ప్లాటు మీదే 20,000 లీటర్లు, అంటే ఐదువేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. అదంతా రోడ్డుకే పంపడమెందుకు? స్లాబు నీళ్లు ముందు సంపులోకి, అది నిండాక ఇంకుడు గుంతలోకి, అదీ మిగిలితే తొట్టిలోకి. ఇంకుడు గుంత ప్లాన్లో ఎలాగూ చూపించే ఉంటాం, చాలామంది గీయించుకుంటారు, తవ్వించరు. పునాదికి ఆనుకుని తవ్వకండి, దూరంగా పెట్టండి. ఇంటి చుట్టూ బండలు పరిచేచోట పది అడుగులకి రెండున్నర అంగుళాల వాలు ఉండాలి.

రెండోది ముఖ్యం. మీ రోడ్డు ఇప్పుడు మట్టిదా, సీసీదా?

#20 కొత్తగడప

మట్టి రోడ్డే సార్. సీసీ వస్తుందని రెండేళ్లుగా అంటున్నారు.

#21 ప్లాను_బాబాయ్

అయితే పైన వేసిన లెక్కంతా ఆపండి. సున్నా అనుకున్న రోడ్డు కదిలిపోయేదైతే మిగతా అంకెలన్నీ గాలిలో ఉన్నట్టే. మా కర్నూలులో ఒక వీధి చూపిస్తా. రోడ్డు మీద రోడ్డు, దాని మీద ఇంకో రోడ్డు వేసి, మూడు మెట్లెక్కి వెళ్లిన ఇళ్లల్లోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్తున్నారు. కొత్త రోడ్డు వేసేటప్పుడు పాతది చెక్కి తీసేయాలి, తీయరు.

మీ వార్డు ఇంజనీరింగ్ వాళ్ల దగ్గరికి వెళ్లి రోడ్డు ఎస్టిమేట్ అయిందా, పూర్తయ్యాక మధ్య లెవెల్ ఎంత, పక్క కాలువ అడుగు లెవెల్ ఎంత అని అడగండి. ఆ రెండంకెలు మీ ఇంటికి పునాది కంటే ముఖ్యం. కాగితం మీద రాసివ్వమనండి.

#22 నల్లకోటు

రాసివ్వకపోతే సమాచార హక్కు కింద ఆ ఎస్టిమేట్, లెవెల్ షీట్ నకళ్లు అడగండి. అవి పబ్లిక్ రికార్డు.

కాలువే వేయమంటే డబ్బుల్లేవంటారు. ఆ మాట చెల్లదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పేసింది. మధ్యప్రదేశ్‌లో రత్లాం మునిసిపాలిటీ కేసు. వీధిలో మురుగు పారుతోందని జనం మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్తే, మునిసిపాలిటీ నిధులు లేవంది. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ సాకు ఒప్పుకోలేదు. అప్పుడు వాడింది సీఆర్పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 133, ఇప్పుడు అదే బీఎన్ఎస్ఎస్ (దాని బదులు వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 152. ఒక్కరు కాకుండా వీధి వీధంతా సంతకాలు పెట్టి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి. ముందు అది, కోర్టు తర్వాత.

#23 డల్లాస్_అనంత

ఒక్క రోడ్డు లెవెల్ తెలుసుకోవడానికి సమాచార హక్కా!

#24 తూర్పుగాలి

ఈరోజు నా కోటా జోకు మీరే వేసేశారు.

#25 బుగ్గవంక_అక్క

వెనకాయనతో ఒకసారి మాట్లాడారా? కోపంగా కాకుండా. మా కాలనీలో ఇలాంటిదే ఇద్దరూ చెరి సగం ఖర్చు పెట్టుకుని మధ్య గోడ పక్కన కాలువ వేసుకున్నారు. కోర్టు ఫీజు కంటే తక్కువ అయింది.

#26 కొత్తగడప

మాట్లాడా అక్కా. మనిషి చెడ్డవాడు కాదు. ఆయనకీ అవతలి ప్లాటు వాళ్లు అంతకుముందే మట్టి పోశారట, అందుకే ఆయన నాలుగడుగులు పోయించాడట. 'నా దగ్గర ఎవరడిగారు' అన్నాడు. కాలువకి చోటివ్వడానికి ఒప్పుకోలేదు, గోడ కదులుతుందని భయం. నేనూ గట్టిగా అడగలేకపోయా, ఎందుకంటే రేపు నేను చేయబోయేదీ అదే. మా దక్షిణం ప్లాటు ఖాళీగా ఉంది.

#27 సర్వేరాయి

బుక్కరాయసముద్రం చెరువు కట్టినవాళ్లకి మరువ ఎక్కడ పెట్టాలో తెలుసు. నిండితే నీళ్లు ఎటు దిగాలో ముందు చూసుకునే కట్ట వేశారు. మన ప్లాట్లకి కట్టలు మాత్రమే ఉన్నాయి, మరువలు లేవు. ముసలివాడి సణుగుడు అనుకోండి.

#28 కొత్తగడప (ఏడు వారాల తర్వాత)

ఆలస్యమైంది, క్షమించండి. జరిగింది రాస్తా.

రోడ్డు లెవెల్ కోసం ఐదుసార్లు తిరిగాను. నాలుగుసార్లు సంబంధించిన ఆయన సైట్లో ఉన్నాడు. ఐదోసారి ఒక కుర్ర ఇంజనీరు దొరికాడు. విసుక్కోకుండా ఫైలు తీసి చూపించాడు. సీసీ రోడ్డు ఇప్పుడున్న మట్టి కంటే ఎనిమిదంగుళాలు పైకి వస్తుందట. ఉత్తరం నుంచి వీధి చివరి కల్వర్టు దాకా పక్క కాలువ కూడా ఎస్టిమేట్లో ఉంది. మరుసటి రోజు తనే ఆటో లెవెల్ తెచ్చి, మా వీధి కరెంటు స్తంభం మీద ఎర్ర పెయింటుతో ఒక గీత పెట్టాడు. రోడ్డు పూర్తయ్యాక మధ్య లెవెల్‌కి సరిగ్గా రెండడుగులు పైన. ఇక కొలత అంతా దాన్నుంచే అన్నాడు. టీ తాగమంటే తాగలేదు.

తాపీపని అన్న లెక్కలన్నింటికీ ఎనిమిది అంగుళాలు కలిపాం. ఇంకో పద్నాలుగు ట్రిప్పుల ఎర్రమట్టి. పొరలుగా పోయించి, నీళ్లు కొట్టి, రోలరు తిప్పించా. మేస్త్రీ 'ఇంతెందుకు సార్' అన్నాడు, ఈ చర్చ చూపించా. ఈశాన్యం తొట్టి అయింది, పైపు వేశాం. బుగ్గవంక అక్క చెప్పినట్టు పైపు నోటికి లోపలికి నీళ్లు రాకుండా రబ్బరు మూత పెట్టించా. మట్టి పోసేముందు అన్ని మూలలా ఫొటోలు, లెవెల్స్ కాగితం లాయరు గారు చెప్పినట్టు భద్రం చేశా.

పోయిన గురువారం రాత్రి గంటన్నర కుమ్మింది. టార్చి వేసుకుని మామగారూ నేనూ వెళ్లాం. తొట్టి మూత మీద నీళ్లు గిరగిరా సుడి తిరుగుతూ లోపలికి దిగుతున్నాయి. పడమర వైపు పైపు నోట్లోంచి బయటికి వస్తున్నాయి. రోడ్డు ఇంకా వేయలేదు కాబట్టి మట్టి రోడ్డు మీద చిన్న మడుగు, అది వేరే సంగతి. మామగారు తొట్టి దగ్గర కూర్చుని చాలాసేపు చూశారు, ఏమీ అనలేదు.

#29 తాపీపని

జల్లెడ మూత మీద ఆకులు పడకుండా చూసుకోండి. అదొక్కటి వారానికోసారి. పక్కన వేపచెట్టు ఉందా?

#30 కొత్తగడప

ఉంది అన్నా. రాలుతూనే ఉంది.

ఇంకో మాట. దక్షిణం ప్లాటాయన బెంగళూరులో ఉంటాడు. నిన్న ఎవరో చెబితే ఫోన్ చేశాడు, గొడవకేమో అనుకున్నా. 'మీరు ఎంత ఎత్తు పోశారు, నేనూ సంక్రాంతికి మొదలుపెడతా' అన్నాడు. స్తంభం మీది ఎర్ర గీత ఫొటో, మా మూలల అంకెలు పంపించా. ఉత్తరం గోడ వెంబడి మేం వేసినట్టే తనకూ పైపు వేయాలంటే ఎంత చోటు వదలాలని అడిగాడు. మీ నంబరు ఇవ్వమంటారా?

#31 తాపీపని

ఇవ్వండి. ట్యూబులో బుడగ లేకుండా చూసుకోమని ముందే చెప్పండి.